గతుకుల్ని ఎవరు మింగాలి? మోకాళ్ళా, వెన్నెముకా?

మీ ఇంట్లో మోటారు సైకిలు ఉందా? ఉంటే అది తారురోడ్డు మీద మాత్రమే తిరుగుతుందని చెప్పలేరు. నిజామాబాదులో ఉద్యోగం, బోధన్ దగ్గర పొలం ఉన్నవారు వారానికి రెండుసార్లయినా కాలువ గట్టు ఎక్కవలసిందే. ఎడపల్లి, రుద్రూరు, వర్ని, కోటగిరి వైపు పల్లెలకు పాలు తేవడానికో, బడిలో పాఠం చెప్పడానికో, టీకాలు వేయడానికో వెళ్ళేవారు బండ్ల బాటలు దాటవలసిందే.

ఈ బాటల చరిత్ర మీకు తెలిసిందే. 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ మంజీర నీటిని ఈ ప్రాంతానికి తెచ్చింది. ఆ నీటితో చెరకు వచ్చింది. చెరకును నమ్ముకుని 1937లో బోధన్‌లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ వెలిసింది. దశాబ్దాల తరబడి చెరకు బండ్లు, తరువాత ట్రాక్టర్లు తొక్కిన దారులివి. 2015లో ఫ్యాక్టరీ మూతపడింది. చెరకు తోటలు తగ్గి వరి మళ్ళు పెరిగాయి. నేల మాత్రం అదే నల్లరేగడి. వానాకాలంలో జిగట బురద, ఎండాకాలంలో రాయిలా గట్టిపడిన చక్రాల గాడి.

ఇలాంటి దారిలో రోజూ తిరిగేవారిలో చాలామందికి నలభై ఏళ్ళు రాకుండానే నడుం పట్టేస్తుంది. చేతివేళ్ళు తిమ్మిరెక్కుతాయి. ఇంట్లోవాళ్ళు “ఆ బండి మానెయ్యి” అంటారు. మానేస్తే ఇల్లు గడవదు. మానవలసిన అవసరం కూడా చాలామందికి లేదు. బండి నడిపే తీరు, బండిని చూసుకునే తీరు మార్చుకుంటే ఈ బాధలో చాలా భాగం తప్పుతుంది. ఎలాగో చూద్దాం.

సీటు లేని మోటారు సైకిలు

రాళ్ళూ, వాగులూ, బురదగుంటల మీద బండి నడపడమే ఆటగా పెట్టుకున్నవారు ప్రపంచంలో ఉన్నారు. ఆ ఆటను ‘ట్రయల్స్’ అంటారు. స్కాట్లండులో ఆరు రోజులపాటు జరిగే ట్రయల్స్ పోటీ 1909లో మొదలైంది. ఇందులో వేగానికి బహుమతి లేదు. దారిలో కాలు కింద పెట్టకుండా దాటాలి. ఒకసారి కాలు పెడితే ఒక తప్పు. బండి ఆగిపోయినా, పడిపోయినా అయిదు తప్పులు. తక్కువ తప్పులు చేసినవాడే విజేత.

ఈ ఆట కోసం నేడు తయారయ్యే బండి సుమారు 70 కిలోల బరువుంటుంది. దానికి కూర్చోవడానికి సీటంటూ ఉండదు! రోజంతా బండరాళ్ళ మీద తిరిగేవాడు ఫుట్‌రెస్టుల మీద నిలబడే నడుపుతాడు. మనం తెలుసుకోవలసిన ఆరోగ్య సూత్రం ఇందులోనే ఉంది.

ఈ ఆటకూ మన ఊరి బండికీ సంబంధమేమిటంటారా? మీకు బాగా తెలిసిన బుల్లెట్ ఇలాంటి పోటీల్లో రాటుదేలిన బండి. ఆ రోజుల్లో చాలా బండ్లకు వెనుక చక్రం దగ్గర షాక్ అబ్జార్బర్లు ఉండేవి కావు. రాయల్ ఎన్‌ఫీల్డ్ వారు వాటిని అమర్చిన బుల్లెట్‌ను 1948లో ట్రయల్స్‌లో పరీక్షించారు. అదే సంవత్సరం ఇటలీలో జరిగిన అంతర్జాతీయ ఆరు రోజుల పోటీలో ఆ బండ్లు బంగారు పతకాలు తెచ్చుకున్నాయి. జానీ బ్రిటెన్ అనే ఆయన రాయల్ ఎన్‌ఫీల్డ్ మీద స్కాట్లండు పోటీని 1952లోనూ, 1957లోనూ గెలిచాడు. 1955లో మద్రాసులో మొదలైన కంపెనీ ద్వారా బుల్లెట్ మన దేశపు బండి అయింది. 2019లో ‘బుల్లెట్ ట్రయల్స్’ అన్న పేరుతోనే ఒక రకాన్ని ఇక్కడ అమ్మారు. మట్టిదారుల కోసమని హీరో ఎక్స్‌పల్స్ 200 వచ్చిందీ అదే ఏడాది.

గతుకు ప్రయాణం

చక్రం గుంటలో పడినప్పుడు పుట్టే దెబ్బ ఎక్కడికి పోతుంది? మొదట టైరులోని గాలి కొంత మింగుతుంది. తరువాత షాక్ అబ్జార్బర్లు కొంత మింగుతాయి. మిగిలింది మీ ఒంటిలోకి వస్తుంది. మీరు నిలబడి ఉంటే మడమలు, మోకాళ్ళు, తొడలు ముడుచుకుని దాన్ని మింగుతాయి. కూర్చుని ఉంటే సీటు నుంచి కటి ఎముకకు, అక్కడినుంచి తిన్నగా వెన్నెముకకు చేరుతుంది.

వెన్నుపూసల మధ్య మెత్తలవంటి డిస్కులు ఉంటాయి. నిటారుగా ఉన్నప్పటికంటె ముందుకు వంగి కూర్చున్నప్పుడు వాటి మీద ఒత్తిడి ఎక్కువ. దానికి తోడు మరో సంగతి. కూర్చున్న మనిషి మొండెం సెకనుకు దాదాపు అయిదుసార్లు వచ్చే ఊపుకు అన్నిటికంటె ఎక్కువగా అదురుతుంది. ఉయ్యాలను సరిగ్గా దాని లయకు తగినట్లు తోస్తే మరింత పైకి పోతుంది కదా, ఇదీ అంతే. ఎగుడుదిగుడు దారిమీద వాహనాలలో పుట్టే ఊపు తరచు ఆ లయకు దగ్గరగానే ఉంటుంది. ఏళ్ళ తరబడి ఇలా ఊగే ట్రాక్టరు డ్రైవర్లకు, లారీ డ్రైవర్లకు నడుం నొప్పి ఎక్కువగా రావడానికి ఇదొక కారణం.

కనుక టైరు, షాక్ అబ్జార్బరు, మోకాళ్ళు తమ వంతు మింగితే వెన్నెముకకు మిగిలేది స్వల్పం. ఈ మూడింటిలో ఏది పని మానేసినా ఆ బరువు నడుం మోయవలసిందే.

ఎలా నిలబడాలి?

నిలబడడమంటే సర్కసు చేయడం కాదు. గతుకు వస్తున్నదని కనిపించగానే వేగం తగ్గించండి. పాదం మధ్యభాగం ఫుట్‌రెస్టు మీద ఉంచి సీటు నుంచి కొద్దిగా లేవండి. మోకాళ్ళు కొంచెం వంచి ట్యాంకును మెల్లగా ఒత్తి పట్టండి. నడుం దగ్గర కాక తుంటి దగ్గర ముందుకు వంగండి. మోచేతులు బిగబట్టవద్దు. బరువు కాళ్ళమీద ఉండాలి, చేతుల మీద కాదు. హ్యాండిలు పట్టుకుని వేలాడుతున్నట్లు అనిపిస్తే మీరు సరిగా నిలబడలేదన్నమాట. చూపు ముందుచక్రం మీద కాక పదిపదిహేను మీటర్ల దూరాన ఉండాలి.

ఇది గతుకుల చోట, నెమ్మదిగా పోతున్నప్పుడు మాత్రమే. తారురోడ్డు మీద వాహనాల మధ్య నిలబడి నడపవద్దు. వెనుక మనిషి ఉన్నప్పుడు కూడా నిలబడవద్దు. వెనుక కూర్చున్నవారికి గుంట కనిపించదు, కాలు ఊనడానికి తగిన వీలూ ఉండదు. అందుచేత వారి నడుముకు తగిలే దెబ్బ మీకంటె ఎక్కువ. భార్యనో, తల్లినో ఎక్కించుకున్నప్పుడు ఉన్న ఒకే ఒక మందు వేగం తగ్గించడం. గుంట మరీ లోతైతే వారిని దింపి, బండిని దాటించి, మళ్ళీ ఎక్కించుకోండి. గర్భిణీ స్త్రీలను ఇలాంటి దారిలో బండిమీద తీసుకుపోకపోవడమే మంచిది.

ఒక ముఖ్యమైన మాట. హవాయి చెప్పులతో ఫుట్‌రెస్టు మీద నిలబడితే కాలు జారుతుంది. చీలమండ కప్పే బూట్లు వేసుకోండి.

గోడకుర్చీ గుర్తుందా?

నిలబడి నడపాలంటే తొడలలో బలముండాలి. చిన్నప్పుడు లెక్కలు తప్పుచేస్తే పంతులుగారు వేయించిన గోడకుర్చీ ఇప్పుడు మీకు పనికివస్తుంది. వీపు గోడకు ఆనించి, కుర్చీలో కూర్చున్నట్లు తొడలు వంచి, మొదట 20 సెకండ్లు ఉండండి. రోజుకు మూడుసార్లు చేయండి. అలవాటైన కొద్దీ నిమిషం దాకా పెంచండి. వారంలో అయిదు రోజులు చేస్తే రెండు మూడు నెలల్లో తేడా మీకే తెలుస్తుంది. మోకాళ్ళ నొప్పులున్నవారు డాక్టరును అడగకుండా ఈ పని చేయవద్దు. వారు వేగం తగ్గించడం మీదనే ఆధారపడాలి.

బండికి చేసే సేవ ఒంటికి చేసే సేవ

టైరులో గాలి ఎంతుండాలో బండి పుస్తకంలోనూ, తరచు బండి మీద అంటించిన కాగితం మీదనూ ఉంటుంది. వారానికొకసారి, బయలుదేరక ముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు చూపించండి. గాలి ఎక్కువైతే టైరు రాయిలా మారి దెబ్బంతా మీకు పంపుతుంది. ట్రయల్స్ బండ్లలో గాలి చాలా తక్కువగా పెడతారని విని మీరు అలా చేయవద్దు. మామూలు బండిలో గాలి మరీ తగ్గితే ట్యూబు నలిగి చిరుగుతుంది, మలుపులో బండి అదుపు తప్పుతుంది.

షాక్ అబ్జార్బర్లను ఇలా పరీక్షించండి. ముందు బ్రేకు పట్టి హ్యాండిలును గట్టిగా కిందికి నొక్కి వదలండి. ఒకసారి లేచి నిలకడగా ఆగితే మంచిది. పడవలా ఊగుతూనే ఉన్నా, ఫోర్కు గొట్టాల మీద నూనె చెమ్మ కనిపించినా మెకానిక్కుకు చూపించవలసిందే. ఫోర్కు నూనె కూడా పాతబడుతుంది. దాన్ని మార్చడం చాలామందికి గుర్తే రాదు. ఎక్స్‌పల్స్ 200 వంటి బండిలో ముందు ఫోర్కు 190 మిల్లీమీటర్ల మేర కదులుతుంది. మామూలు బండిలో అంత ఉండదు. ఉన్న కొద్దిపాటి కదలికనూ పాడుచేసుకోకూడదు.

చేతివేళ్ళ తిమ్మిరికి సగం మందు మెకానిక్కు దగ్గరే ఉంటుంది. క్లచ్ కేబులు ఎండిపోయి బిగుసుకుంటే లీవరు నొక్కిన ప్రతిసారీ మణికట్టు మీద భారం పడుతుంది. కేబులుకు నూనె పోయించండి, అరిగితే మార్పించండి. హ్యాండిలు పిడి రబ్బర్లు గట్టిపడితే అవీ మార్చండి. పిడిని గుప్పెట బిగించి పట్టవద్దు. అరగంటకొకసారి ఆపి చేతులు విదిలించండి. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి రాత్రిళ్ళు నిద్ర లేపుతుంటే మణికట్టు దగ్గర నరం ఒత్తుకుంటున్నదని అనుమానించాలి. చిటికెనవేలు, ఉంగరపువేలు తిమ్మిరెక్కితే అది మరో నరం. ఏదైనా వారాల తరబడి ఉంటే ఆలస్యం చేయక డాక్టరుకు చూపించండి.

పెరట్లో పొంచి ఉన్న ప్రమాదాలు

దారిమీద జాగ్రత్తగా ఉండేవారు కూడా ఇంట్లో బండి బాగుచేసుకుంటూ ప్రమాదం తెచ్చుకుంటారు. ఇది ఇంటిల్లిపాదీ చదవవలసిన భాగం.

గొలుసు: ఇంజను ఆడుతుండగా గొలుసు తుడిచేవారున్నారు. గుడ్డ పళ్ళచక్రంలో చిక్కుకుంటే వెంట వేలూ పోతుంది. ఇంజను ఆపి, తాళంచెవి జేబులో వేసుకుని, చక్రం చేత్తో తిప్పుతూ తుడవండి. ఆ సమయంలో పిల్లల్ని దగ్గరికి రానివ్వవద్దు. ఖర్మచాలక వేలు తెగిపోతే గాయాన్ని శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టండి. తెగిన ముక్కను తడిపిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి, ఆ సంచిని మంచుగడ్డలు వేసిన నీళ్ళలో ఉంచి, వెంటనే పెద్దాసుపత్రికి తీసుకుపోండి. ముక్కను తిన్నగా మంచులో పెట్టకూడదు.

సైలెన్సరు: పిల్లల పిక్కలు కాలేది ఎక్కువగా దీనివల్లే. కాలినచోట వెంటనే 20 నిమిషాలపాటు కుళాయి నీళ్ళు పోయండి. పసుపుకు పేరుపొందిన జిల్లా మనది. అయినా కాలిన గాయం మీద పసుపు చల్లవద్దు. టూత్‌పేస్టు, సిరా, మంచు కూడా పెట్టవద్దు.

పెట్రోలు: గొట్టం నోట్లో పెట్టుకుని పెట్రోలు లాగే అలవాటు చాలా చెడ్డది. మింగినదానికంటె ఊపిరితిత్తుల్లోకి జారిన రెండు చుక్కలు ఎక్కువ హాని చేస్తాయి. అలా జరిగితే వాంతి చేయించకూడదు. ఉప్పునీళ్ళు తాగించకూడదు. వాంతిలో అది మళ్ళీ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. దగ్గు, ఆయాసం ఉన్నా లేకపోయినా ఆసుపత్రికి పోవాలి. పెట్రోలును మంచినీళ్ళ సీసాలో పోసి ఇంట్లో పెట్టడం పిల్లలకు విషం అందించినట్లే.

పొగ: వాన పడుతున్నదని బండిని గదిలో పెట్టి, తలుపులు వేసి ఇంజను ఆడించవద్దు. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా లేవు. రక్తంలోని ఎర్ర పదార్థం ఆక్సిజన్‌ను పట్టుకునే దానికంటె ఈ వాయువును రెండువందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం, మగతతో మొదలై మనిషి అక్కడే స్పృహ తప్పుతాడు. బండిని బయటికి నెట్టాకే స్టార్టు చేయండి.

చున్నీ, చీరకొంగు: ఇవి వెనుక చక్రంలో పడి మెడకు ఉరి బిగిసే ప్రమాదముంది. బండి కొన్నప్పుడు అమర్చిన చీర గార్డును అందం కోసం పీకించవద్దు.

పడ్డప్పుడు ఏం చేయాలి?

“పొలం దాకే కదా, హెల్మెట్ ఎందుకు?” అనకండి. ఎండకు గట్టిపడిన రేగడి గడ్డ తారురోడ్డుకు తీసిపోదు. హెల్మెట్ ప్రాణాపాయాన్ని దాదాపు 42 శాతం, తల దెబ్బల్ని 69 శాతం తగ్గిస్తుందని అనేక పరిశోధనలను కలిపి చూసిన 2008 నాటి సమీక్షలో తేలింది. ఐఎస్ఐ గుర్తున్నది కొని గడ్డం కింద పట్టీ బిగించండి. వెనుక కూర్చున్నవారికీ ఉండాలి. తొమ్మిది నెలలనుంచి నాలుగేళ్ళ దాకా పిల్లలకు కూడా తగిన హెల్మెట్, నడిపేవారికి కట్టే బెల్టు ఉండాలన్నది 2023 నుంచి అమల్లో ఉన్న నిబంధన. వారు బండి మీద ఉన్నప్పుడు వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదు.

ఎవరైనా పడి స్పృహ తప్పితే కూర్చోబెట్టి నీళ్ళు తాగించే ప్రయత్నం చేయవద్దు. మెడను కదిలించకండి. ఊపిరి ఆడుతుంటే హెల్మెట్ తీయడం ఆసుపత్రివారికే వదలండి. 108కి ఫోను చేయండి. పడి లేచి నవ్వుతూ మాట్లాడినవారిని కూడా ఒక రోజంతా కనిపెట్టి ఉండాలి. తలలో నెమ్మదిగా రక్తం గూడుకట్టే దెబ్బలున్నాయి. మళ్ళీ మళ్ళీ వాంతులు, పెరిగే తలనొప్పి, మగత, పొంతనలేని మాటలు, మూర్ఛ, ఒక కంటిపాప పెద్దదవడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అర్ధరాత్రయినా ఆసుపత్రికి పోవాలి.

కొట్టేసిన చెరకు తోటలో మోళ్ళు కత్తుల్లా గుచ్చుకుంటాయి. మట్టి అంటిన గాయాన్ని సబ్బునీళ్ళతో బాగా కడగండి. ధనుర్వాతం టీకా వేయించుకుని అయిదేళ్ళు దాటితే మళ్ళీ వేయించుకోండి.

ఎండాకాలం మాట మరువవద్దు. నిజామాబాదు ఎండ 45 డిగ్రీలను అందుకునే రోజులుంటాయి. గాలి తగులుతున్నది కనుక చెమట ఆరిపోయి, ఒంట్లో నీరు పోతున్నట్లు తెలియదు. తల తిరిగితే పడేది బండితో సహా. సీసాలో నీళ్ళో, ఉప్పు వేసిన మజ్జిగో వెంట ఉంచుకోండి.

నడుం నొప్పి వచ్చాక

నొప్పి రాగానే నెలరోజులు చెక్కబల్ల మీద పడుకోమని ఒకప్పుడు చెప్పేవారు. ఇప్పుడలా చెప్పడం లేదు. ఒకటి రెండు రోజులు విశ్రాంతి తీసుకుని, ఓర్చుకోగలిగినంత నడక మొదలుపెట్టడమే మేలు. ఆ రోజుల్లో గతుకుల బాట మానండి. చాలామందికి కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుంది. పొలం పనికి వచ్చినవాళ్ళచేత నడుం తొక్కించుకోవద్దు.

కాని కొన్ని లక్షణాలను ఒక్కరోజు కూడా ఉపేక్షించకూడదు. సీటుకు ఆనే భాగంలో స్పర్శ పోవడం, మూత్రం బిగపట్టడం లేదా తెలియకుండా పోవడం, కాలు పట్టు తప్పడం, ఇవన్నీ వెన్ను చివర నరాలు నలుగుతున్నాయనడానికి గుర్తులు. ఇలాంటప్పుడు గంటలు కూడా విలువైనవి. తెల్లవారేదాకా ఆగకుండా నిజామాబాదు ప్రభుత్వ జనరల్ ఆసుపత్రికో, మీకు అందుబాటులో ఉన్న మరో పెద్దాసుపత్రికో వెళ్ళండి. పడ్డ తరువాత వచ్చిన నొప్పి, జ్వరంతో కూడిన నొప్పి, ఆరువారాలు దాటినా తగ్గని నొప్పి ఉన్నా పరీక్ష చేయించుకోవలసిందే.

రేపు ఉదయం బండి తీసేముందు మూడు పనులు చేయండి. టైర్లలో గాలి చూడండి. ముందు ఫోర్కును ఒకసారి నొక్కి చూడండి. హెల్మెట్ పట్టీ బిగించండి. కాలువ గట్టు ఎక్కగానే వేగం తగ్గించి, గుంట కనిపించినప్పుడు సీటునుంచి లేవండి. మొదటి వారం తొడలు నొప్పిపెడతాయి. ఫరవాలేదు, నడుముకు తప్పిన బరువును అవి మోస్తున్నాయి.